పాతింటి దెయ్యం చివరికి మనిషేనని తేల్చేయాలా, గుట్టుగా వదిలేయాలా?

గుల్‌మొహర్ నీడ · శనివారం రాత్రి 10.42

అందరికీ నమస్కారం. మూడేళ్లుగా ఒక నవల మీద కూర్చున్నాను. 38 అధ్యాయాల్లో 37 అయిపోయాయి, ఆఖరి దాని దగ్గర బండి ఆగింది. మా ఆదివారం పుస్తకాల గుంపులో చదివి వినిపిస్తే సగంమంది ఇటు, సగంమంది అటు. తెచ్చిన టీ చల్లారిపోయేంత గొడవ అయింది. అందుకే ఇక్కడ అడుగుతున్నా.

కథ క్లుప్తంగా చెప్తాను. హైదరాబాద్ సుల్తాన్ బజార్ వెనక సందుల్లో ఒక పాత ఇల్లు. మధ్యలో వాకిలి, చుట్టూ వరండా, వెనకవైపు ఒకప్పటి జనానా గదులు, అంటే ఆడవాళ్లవి. వాటిలో ఒకదానికి ఎప్పుడూ తాళమే. రాత్రిళ్లు అందులోంచి మూడుసార్లు తట్టిన చప్పుడు వస్తుంది. పిల్లలకి పెద్దవాళ్లు చెప్పేది ఒకటే మాట, "అటు పోకండి, బీబీ ఉంది."

ఇల్లు డెవలప్‌మెంటుకి ఇద్దామని మనవలు కాగితాలు బయటికి తీస్తారు. దస్తావేజు ఉర్దూలో ఉంది, ఇంట్లో ఒక్కరికీ చదవడం రాదు. చదివించుకుంటే ఒక్కొక్కటే తేలుతుంది. హైదరాబాద్‌లోకి భారత సైన్యం వచ్చిన పోలీస్ యాక్షన్ అయ్యాక, ఇల్లు అమ్మేసి పాత యజమానుల కుటుంబం కరాచీ వెళ్లిపోయింది. వాళ్ల ముసలావిడ మాత్రం కదలలేదు, ఆ వెనక గదిలోనే ఉండిపోయింది. ఆవిడ చేత వేలిముద్ర వేయించుకున్నది మా కథలో తాతయ్య. ఎవరూ ఆ గది వైపు వెళ్లకుండా, ఎవరూ ఏమీ అడక్కుండా, ఆవిడ బతికుండగానే ఆవిణ్ణి దెయ్యం చేసేశారు.

ఇప్పుడు నా ప్రశ్న. ఆవిడ పోయి యాభై ఏళ్లు దాటాక, 36వ అధ్యాయంలో, మనవరాలికి అవే మూడు చప్పుళ్లు వినిపిస్తాయి. 38లో దానికి కారణం చెప్పాలా? నాకైతే చెప్పేయాలనే ఉంది. పాత టేకు తలుపు, వానలకి ఉబ్బుతుంది, రాత్రి చల్లబడితే చెక్క సర్దుకుంటుంది, అలా ఏదో ఒకటి. మా గుంపులో ఒకావిడ "చెప్పావంటే పుస్తకం నేలకేసి కొడతా" అన్నారు.

రెండో జాము · శనివారం రాత్రి 11.20

ఆవిడెవరో గానీ నా తరఫున ఇంకోసారి కొట్టమనండి.

టేకు తలుపు ఉబ్బిందా! 37 అధ్యాయాలు దుప్పటి కప్పుకుని చదివాక చివర్లో వడ్రంగి పని చెబుతారా? ఈ తప్పు మీకంటే ముందు పెద్దవాళ్లే చేశారు లెండి. 1794లో ఆన్ రాడ్‌క్లిఫ్ 'ది మిస్టరీస్ ఆఫ్ ఉడోల్ఫో' అని నాలుగు సంపుటాల నవల రాసింది. కోటలో ఒకచోట నల్లటి తెర ఉంటుంది. ఎమిలీ దాన్ని ఎత్తి చూసి అక్కడికక్కడే స్పృహ తప్పి పడిపోతుంది. ఏం చూసిందో మనకి చెప్పరు. వందల పేజీలు గడుస్తాయి. చివరాఖరికి తేలేదేమిటయ్యా అంటే, అది పురుగులు పట్టిన శవంలా చేసిన మైనపు బొమ్మ! ఎం.ఏ. చదివేటప్పుడు హాస్టల్లో రెండు రాత్రులు నిద్ర మానుకుని చదివాను. ఆ పేజీకి వచ్చేసరికి ఒళ్లు మండింది. పక్క మంచం అమ్మాయిని లేపి మరీ తిట్టాను, రాడ్‌క్లిఫ్ దొరకలేదు కాబట్టి.

దీనికి సరిగ్గా ఎదురుగా హెన్రీ జేమ్స్ 1898లో రాసిన 'ది టర్న్ ఆఫ్ ది స్క్రూ' చూడండి. పిల్లల్ని చూసుకోవడానికి వచ్చిన గవర్నెస్‌కి చనిపోయినవాళ్లు కనిపిస్తారు. నిజంగా కనిపించారా, ఆవిడ బుర్రలోనే ఉందా? చెప్పలేదు. 1934లో ఎడ్మండ్ విల్సన్ అనే విమర్శకుడు అదంతా గవర్నెస్ భ్రమేనని వ్యాసం రాస్తే దాని మీద దశాబ్దాల పాటు కొట్టుకున్నారు. నేను పాఠం చెప్పిన ప్రతి బ్యాచ్‌లోనూ కొట్టుకుంటూనే ఉన్నారు. చెప్పేసి ఉంటే ఈ పాటికి ఎవరు చదివేవాళ్లు?

చప్పుడు వదిలేయండి. దయచేసి.

హేతువాది 72 · ఆదివారం ఉదయం 6.05

పొద్దున్నే ఇది చూసి కాఫీ కూడా తాగకుండా రాస్తున్నాను.

రెండో జాము గారు, మీ ఇంగ్లండు గవర్నెస్ సంగతి సరే. మన దగ్గర లెక్క వేరు. బాణామతి చేసిందని మనిషిని కొట్టి చంపిన వార్తలు ఇప్పటికీ పేపర్లో చూస్తున్నాం. ఇలాంటి చోట "ఏమో, ఉండొచ్చేమో" అని పుస్తకం మూసేయడం బాధ్యత అనిపించుకోదు. చేతబడి చుట్టూ తిరిగే యండమూరి నవల 'తులసిదళం' వచ్చినప్పుడు రంగనాయకమ్మ గారు "తులసిదళం కాదు, గంజాయి దమ్ము" అని ఏకంగా విమర్శ పుస్తకమే రాశారు. యండమూరి వీరేంద్రనాథ్ ఎంత బాగా రాస్తారన్నది కాదు అక్కడ గొడవ. అటు సైన్సూ ఇటు మంత్రమూ రెండు పడవల మీద కాళ్లు పెట్టడం గురించి. ఆ సీరియల్ రోజుల్లో మా ఇంట్లో వారపత్రిక కోసం ముగ్గురం అన్నదమ్ములం గేటు దగ్గర కాపలా కాసేవాళ్లం. మా చిన్నవాడు చాలాకాలం చీకట్లో బాత్రూమ్‌కి వెళ్లలేదు. నవ్వుకోవచ్చు గానీ ఆ భయం నేను కళ్లారా చూశాను.

తలుపు ఉబ్బింది అనే రాయండి. నిజంగా తలుపులు ఉబ్బుతాయి.

రెండో జాము · ఆదివారం ఉదయం 9.31

మా చిన్నవాడు అంటున్నారు, ఆయనకి ఇప్పుడు యాభై ఉండొచ్చు. ఆయన ఎవరినైనా కొట్టారా సార్? చీకట్లో భయపడ్డ కుర్రాడు వేరు, కర్ర పట్టుకున్న గుంపు వేరు. గుంపు చేతికి కర్ర ఇచ్చేది నవల కాదు, పొలం గట్టు తగాదా.

హేతువాది 72 · ఆదివారం ఉదయం 9.44

పొలం గట్టు తగాదాకి దెయ్యం కండువా కప్పేది ఎవరమ్మా మరి?

నిర్వాహకుడు · ఆదివారం ఉదయం 10.10

ఇద్దరూ కాస్త నెమ్మది. గోల్కొండలో రాత్రిళ్లు గజ్జెల చప్పుడు విన్నామని రాసిన నాలుగు పోస్టులు తీసేశాను, వాటికి వేరే చోటుంది. ఇక్కడ నవల ముగింపు గురించి మాత్రమే.

కచేరీ ప్లీడరు · ఆదివారం మధ్యాహ్నం 12.15

హేతువాది గారు అలవోకగా అన్న ఆ కండువా మాటలోనే అసలు సంగతి ఉంది. ఇద్దరూ గమనించకుండా దాటేశారు.

పాత కోటలూ దెయ్యాలూ భయాలూ ఉండే గోథిక్ నవలలన్నిటికీ మొదటిదిగా చెప్పే హొరేస్ వాల్‌పోల్ 'ది కాజిల్ ఆఫ్ ఒట్రాంటో' 1764లో వచ్చింది. పెళ్లి రోజున పెళ్లికొడుకు మీద ఎక్కడినుంచో రాక్షసాకారంలో ఇనుప టోపీ పడి నుజ్జునుజ్జవుతాడు. అందులో దెయ్యం నిజం దెయ్యమే, తలుపులూ మైనపు బొమ్మలూ ఏం లేవు. కానీ అది ఎందుకొచ్చింది? ఇప్పుడు కోటలో ఉన్న దొరగారి తాత ఒకప్పుడు అసలు యజమానికి విషం పెట్టి, దొంగ వీలునామా పుట్టించి కోట కాజేశాడు. మొట్టమొదటి గోథిక్ నవలే ఫోర్జరీ కేసు అన్నమాట. ఇంకో తమాషా వినండి. మొదటి ముద్రణలో వాల్‌పోల్ తన పేరే పెట్టుకోలేదు, పాత ఇటాలియన్ పుస్తకానికి ఇది అనువాదమని వేయించాడు. 1765లో రెండో ముద్రణకి గానీ ఒప్పుకోలేదు. అంటే పుస్తకానికి కూడా లింక్ డాక్యుమెంటు, అదే వెనకటి హక్కు కాగితం, ఫోర్జరీయే!

ఇరవై ఏళ్లుగా సివిల్ కేసులు చూస్తున్నాను. పాత ఇంట్లో దెయ్యం ఉందని ఎవరైనా అంటే నేను అడిగే మొదటి మాట, ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీల సర్టిఫికెట్) తీశారా అని. దెయ్యం ఉందని పేరు పడితే ఇల్లు అద్దెకి పోదు, కొనేవాడు రాడు, ధర పడిపోతుంది. ఎవరికి లాభం? ఒక్కోసారి పక్కింటాయనకి, ఒక్కోసారి ఇంట్లోనే ఉన్న తమ్ముడికి. కాబట్టి చప్పుడు సంగతి నాకు అనవసరం. "అటు పోకండి, బీబీ ఉంది" అని మొదటిసారి అన్నది ఎవరు? ఏ సంవత్సరం, ఎవరి ముందు? ఇది మీ 37 అధ్యాయాల్లో ఎక్కడైనా ఉందా?

ఇంకొకటి. వేలిముద్ర పక్కన "ఫలానావారి నిశానీ" అని ఇంకొకరు రాస్తారు. దస్తావేజు రాసిన లేఖరి పేరు ఉంటుంది, సాక్షులు ఉంటారు. ఇంటి గుట్టు తెలిసిన బయటివాళ్లు వాళ్లే. వాళ్లని వాడుకోకుండా నవల ముగిస్తే నేనూ నేలకేసి కొడతా.

అబిడ్స్ ఆదివారం · ఆదివారం మధ్యాహ్నం 1.02

ఇప్పుడే ఫుట్‌పాత్ పుస్తకాల వేట నుంచి వచ్చా. ప్లీడరు గారూ, మా ఇంట్లో కాగితం ఏది అడిగినా "ముసీ వరదలో పోయింది" అనేవారు మా పెదనాన్న. చిన్నప్పుడు నమ్మేశాను. వరద వచ్చింది 1908 సెప్టెంబరు 28న. మా ఇంటి గుమ్మం మీద సిమెంటులో రాసుంది, 1936 అని. వరద పోయిన ఇరవై ఎనిమిదేళ్లకి కట్టిన ఇంటి కాగితాలు వరదలో ఎలా పోయాయో పెదనాన్నని అడిగే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

గుల్‌మొహర్ గారు, ఇది ఫ్రీగా వాడుకోండి.

ఛత్తాబజార్ · ఆదివారం సాయంత్రం 4.48

సలాం అందరికీ. నేను తెలుగు మీడియంలో చదువుకున్నా, మా అబ్బా మాత్రం కాతిబ్. ఛత్తా బజార్‌లో ప్రెస్సులకి పెళ్లి కార్డులు ఉర్దూలో చేత్తో రాసి ఇచ్చేవారు. పాత దస్తావేజులు చదివిపెట్టమని ఇంటికి జనం వచ్చేవాళ్లు. అందుకే ఈ కథలో నాకు రెండు సంగతులు కాలికి రాయిలా తగిలాయి.

ఒకటి. దస్తావేజు పట్టుకెళ్తే ఎవరో ఉర్దూ మాస్టారు గడగడా చదివేసినట్టు రాయకండి అన్నా. ఆ కాలం కాగితాలు చాలావరకు షికస్తా రాతలో ఉంటాయి. అక్షరాలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి, చుక్కలు సగం ఎగిరిపోయి ఉంటాయి. ఉర్దూ పేపరు రోజూ చదివేవాళ్లకి కూడా రాదు. అబ్బా భూతద్దం పెట్టుకుని, ముందు తారీఖు వెతికేవారు, తర్వాత పేర్లు, తర్వాత నాలుగు హద్దులు. హద్దులు దొరికితే మిగతాది దానంతట అదే వస్తుందనేవారు. ఒక్క పేజీకి ఒక పూట పట్టేది. చదివినంతసేపు ఎదురుగా కూర్చున్నవాళ్ల మొహాలు చూడాలి. డాక్టరు ఎక్స్‌రే పైకెత్తి చూస్తున్నట్టే.

తారీఖు అంటే గుర్తొచ్చింది. మీ దస్తావేజు మీద ఏ సంవత్సరం వేశారు? నిజాం సర్కారు సంవత్సరాల లెక్క ఫస్లీ, ఇంగ్లీషు క్యాలెండరుది కాదు.

రెండోది. బీబీ అంటే దెయ్యం పేరు కాదు. పెద్దింటి ఆడవాళ్లని గౌరవంగా పిలిచే మాట. మొహర్రం ఊరేగింపులో వచ్చేది బీబీ కా అలం, అంటే బీబీ పేరిట ఎత్తే ధ్వజం. మీ కథలో ఇంటివాళ్లు ఆవిడ్ని బతికుండగా బీబీ అని మర్యాదగానే పిలిచి ఉంటారు. పిల్లలకి ఆ మాట తెలియక అదే దెయ్యం పేరనుకున్నారు. దెయ్యాన్ని ఎవరూ పుట్టించక్కర్లేదు, భాష తెలియకపోతే చాలు.

గుల్‌మొహర్ నీడ · ఆదివారం సాయంత్రం 5.30

భాయ్, మీ చివరి రెండు వాక్యాలు చదివి కాసేపు కుర్చీలోంచి లేవలేదు. నేను భయపెట్టడానికి సౌండు బాగుందని ఆ పేరు పెట్టాను. సిగ్గుగా ఉంది.

దస్తావేజు మీద 1357 ఫస్లీ అని వేశాను. 590 కలిపితే 1947, ఇంకో ఏడాది అటూ ఇటూ అని ఎక్కడో చదివాను.

ఛత్తాబజార్ · ఆదివారం సాయంత్రం 5.52

లెక్క సరే. కానీ ఇక్కడ ఫస్లీ సంవత్సరం అక్టోబరులో మొదలవుతుంది. 1357 అంటే 1947 అక్టోబరు నుంచి 1948 అక్టోబరు మొదటి వారం దాకా. పోలీస్ యాక్షన్ జరిగింది 1948 సెప్టెంబరు 13 నుంచి 17 వరకు. ఆ తర్వాత ఇల్లు అమ్మారని మీరే అంటున్నారు. అంటే 1357లో మిగిలింది మూడు వారాలు కూడా లేదు. ఊరంతా తలుపులు బిగించుకుని కూర్చున్న ఆ మూడు వారాల్లో బేరం కుదిరి, కాగితం రాసి, సాక్షుల్ని పిలిచి, వేలిముద్ర వేయించారా?

ఇది మీ పొరపాటా, మీ తాతయ్య పొరపాటా?

కచేరీ ప్లీడరు · ఆదివారం సాయంత్రం 6.01

ఆహా! పాత తారీఖు వేసి తర్వాత రాసుకున్న కాగితం. కేసు దొరికిపోయింది.

గుల్‌మొహర్ నీడ · ఆదివారం సాయంత్రం 6.20

పొరపాటు నాదే. కానీ దాన్ని తాతయ్యకి రాసిచ్చేస్తున్నాను. రిజిస్ట్రేషన్ ఖర్చు లేకుండా.

బర్కత్‌పురా మనవరాలు · ఆదివారం రాత్రి 9.15

ఎప్పుడూ చదివి వెళ్లిపోవడమే, రాయడం ఇదే మొదటిసారి. ఇక్కడ అందరూ తాతయ్య గురించీ కాగితం గురించీ మాట్లాడుతున్నారు. గదిలో ఉన్నావిడ గురించి ఛత్తాబజార్ గారు తప్ప ఎవరూ మాట్లాడలేదు.

మా అమ్మమ్మగారింట్లో మేడ మీద గది ఉండేది. రాత్రి పూట అక్కడ ఏదో దొర్లినట్టు చప్పుడు. ఇత్తడిది నేల మీద దొర్లి, గోడకి తగిలి ఆగినట్టు. మా నాన్న ఆ ఇంటికి మేనల్లుడు, చిన్నప్పుడు సెలవులకి వెళ్తే ఆయనకీ అదే కథ చెప్పారట, మేడ మీద కామినీ పిశాచి ఉందని. అసలు సంగతి నాకు ఇరవై ఏళ్లొచ్చాక తెలిసింది. అక్కడ ఉన్నది మా అమ్మమ్మకి పెద్ద ఆడపడుచు. పదకొండేళ్లకి భర్త పోయాడు. తర్వాత మనసు చెదిరింది, లేదా చెదిరిందని అన్నారు. నేను రెండోదే నమ్ముతాను. నీళ్ల చెంబు ఖాళీ అయితే దొర్లించేది, కింద ఎవరికైనా వినబడి నీళ్లు తెస్తారని. అన్నదమ్ముల పంపకాల కాగితంలో ఆవిడ పేరు లేదు. ఫోటోల్లోనూ లేదు. ఒక్క గ్రూప్ ఫోటోలో వరండా స్తంభం పక్కన తెల్ల పంచె అంచు కనిపిస్తుంది, అంతే.

ఇప్పుడు అసలు పాయింటు. నాన్నకి ఇవన్నీ తెలుసు. ఆవిడ పేరు తెలుసు, చెంబు సంగతి తెలుసు. డెబ్బై దాటాయి. ఆ ఇల్లు కొట్టేసి అపార్టుమెంటు కట్టి పదేళ్లయింది. ఇప్పటికీ ఎవరి చేతిలోంచైనా చెంబు జారి దొర్లితే ఆయన తింటున్న చెయ్యి ఆగిపోతుంది. రెండో జాము గారు కారణం చెబితే భయం పోతుందంటున్నారు. హేతువాది గారూ అదే అంటున్నారు, ఆయనకి అది కావాలి కాబట్టి. మా ఇంట్లో పోలేదండి. తెలిశాకే ఎక్కువైంది.

రెండో జాము · ఆదివారం రాత్రి 9.50

మీ పోస్టు మూడుసార్లు చదివాను.

'జేన్ ఐర్' 1847లో వచ్చింది. పైగదిలో బంధించిన పిచ్చి భార్య, రాత్రిళ్లు వికృతమైన నవ్వు, అవన్నీ అందులోవే. ఆవిడ తరఫు కథ జీన్ రీస్ రాసేసరికి 1966. నూట పంతొమ్మిదేళ్లు. ఈ రెండూ ఒకే సెమిస్టర్‌లో చెబుతాను నేను, అయినా నిన్న రాత్రి టేకు తలుపు మీద అంత ఎగిరాను.

చప్పుడు విషయంలో మాత్రం నా మాట మారలేదు. మనుషులు చేసింది మొత్తం చెప్పండి, తారీఖులతో సహా. యాభై ఏళ్ల తర్వాత మనవరాలికి వినిపించినది మాత్రం ఆ అమ్మాయికే వదిలేయండి. బర్కత్‌పురా గారూ, మీ నాన్నగారి చెయ్యి ఆగడానికి తలుపు ఉబ్బడం కారణం కాదు కదా.

హేతువాది 72 · సోమవారం ఉదయం 6.10

నాకు ఇంకా తలుపే కావాలి. కనీసం మనవరాలు వెళ్లి ఆ తలుపు మీద చెయ్యి పెట్టి చూడాలి. చూసి ఏం అనుకుంటుందో ఆవిడ ఇష్టం. చూడకుండా పారిపోతే ఊరుకోను.

బర్కత్‌పురా అమ్మాయికి: మీ నాన్నగారికి నా నమస్కారాలు చెప్పమ్మా.

అబిడ్స్ ఆదివారం · సోమవారం ఉదయం 8.40

సిక్స్ ఏఎంకే హేతువాదం. పెద్దాయన స్టామినాకి దండం.

గుల్‌మొహర్ నీడ · సోమవారం రాత్రి 11.35

ఆఫీసు నుంచి వచ్చి కూర్చున్నాను. టేకు తలుపు పేరా కొట్టేశాను. మనవరాలు తలుపు మీద చెయ్యి పెడుతుంది, అక్కడిదాకా హేతువాది గారికి ఇచ్చాను. తట్టింది ఎవరన్నది రాయడం లేదు. 11వ అధ్యాయంలో మొదటిసారి "బీబీ" అనే మాట ఇంటి నాయనమ్మ నోటి వెంట వస్తుంది, చాలా మామూలుగా, "బీబీకి వంట్లో బాలేదట" అని. నాలుగేళ్ల పిల్లాడు పక్కనుంచి వింటాడు. లేఖరిని కూడా పెట్టాను ప్లీడరు గారూ, ఆయన సంతకం రెండు కాగితాల మీద రెండు రకాలుగా ఉంటుంది.

ఇవన్నీ మా అమ్మకి చదివి వినిపించాను. అమ్మ నవలలు పెద్దగా చదవదు, బెండకాయలు తరుగుతూ వింది. ఫస్లీ తారీఖు దగ్గర ఏం మాట్లాడలేదు, మూడు చప్పుళ్ల దగ్గరా ఏం మాట్లాడలేదు. మొత్తం అయ్యాక అడిగింది: "అన్నేళ్లు ఆవిడకి అన్నం ఎవరు పెట్టార్రా? తాళం చెవి ఎవరి దగ్గరుండేది?"

37 అధ్యాయాలూ వెనక్కి తిరగేశాను. ఎక్కడా లేదు.